ట్రైలర్ : నేటి ప్రరోచన

ఉద్దేశం

చలనచిత్రం విడుదలకు ముందు ప్రేక్షకులను చేరే రెండు మూడు నిమిషాల దృశ్యమాలికను ట్రైలర్ అంటారు. అందులో కెమెరా ఏమి చూపుతున్నదో, కూర్పు ఏమి దాచుతున్నదో, ఆ రెండూ కలిసి ఎవరిని పిలుస్తున్నాయో గుర్తించే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒకప్పటి కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతంలో మామిడితోటల నడుమ ఉన్న ఊరు రెడ్డిగూడెం. 2022 నుండి అది ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగం. రెడ్డిగూడెం, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల పల్లెలకు ఒకనాడు సినిమాకంటె ముందు సినిమా బండి వచ్చేది. బండికి ఇరువైపులా తడికలకు అంటించిన రంగుల పోస్టర్లు, లోపల మైకు, మైకు ముందు కూర్చున్న మనిషి చేతిలో రంగు కాగితాల కరపత్రాల కట్ట. “నేడే చూడండి” అన్న కేక వినబడగానే పిల్లలు బండి వెంట పరుగులు తీసేవారు. ఆ రోజులలో సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకంలో కథాసంగ్రహం కూడ ఉండేది. కథ మంచి పట్టులో ఉండగా “శేషం వెండితెరపై చూడండి” అన్న వాక్యంతో అది ఆగిపోయేది. నేడు అవే పల్లెలలో కళాశాల విద్యార్థి తన అరచేతిలోని ఫోన్‌లో ట్రైలర్ చూస్తున్నాడు. బండి పోయింది, కరపత్రం పోయింది. “శేషం వెండితెరపై” అన్న సూత్రం మాత్రం పోలేదు.

ఆ సూత్రం సినిమాతో పుట్టినది కాదు. భారతీయ నాట్యశాస్త్రం దానిని ఏనాడో గుర్తించి ‘ప్రరోచన’ అని పేరు పెట్టింది. ప్రరోచన అంటే రుచి కలిగించడం. ప్రదర్శింపబోయే రూపకాన్ని, దానిని రచించిన కవిని, చూడవచ్చిన సభను ప్రశంసించి, సామాజికుల మనస్సులను నాటకం వైపు మళ్ళించడం దాని ప్రయోజనం. ఆలంకారికులు దీనిని భారతీవృత్తికి ఒక అంగంగా చెప్పారు. కాళిదాసు శాకుంతలంలో సూత్రధారుడు, ఈ సభ పండితులతో నిండి ఉన్నదనీ, అందుచేత తాము ఎంతో శ్రద్ధతో ప్రదర్శించవలసి ఉన్నదనీ నటితో అంటాడు. మాళవికాగ్నిమిత్రంలోనైతే, పాతదైనంత మాత్రాన ప్రతిదీ గొప్పది కాదని కొత్త కవి పక్షాన వాదిస్తాడు. ఆ మాటలు పైకి నటులతో అన్నవే అయినా అసలు చేరవలసినది సభకే. తన ఎదుట ఉన్నవారు ఎవరో తెలిసి, వారికి తగినట్లు మాట్లాడడమే ప్రరోచనలోని కిటుకు.

కృష్ణాతీరంలోని కూచిపూడి ఈ విద్యను దృశ్యంగా మలచింది. భామాకలాపంలో సత్యభామ రంగప్రవేశానికి ముందు ఇద్దరు వ్యక్తులు తెర పట్టుకొని నిలుస్తారు. ముందుగా ఆ తెరమీదుగా నగలతో అలంకరించిన పొడవైన జడ ఇవతలికి జారుతుంది. నాట్యవిద్యలో తనతో పోటీపడగలవారెవరని ఆ జడ సభను సవాలు చేస్తుందని సంప్రదాయజ్ఞులు చెబుతారు. ఆ తరువాతనే ప్రవేశదరువు, ఆపై పాత్ర దర్శనం. వేదాంతం సత్యనారాయణశర్మవంటి మహానటులు ఆ పాత్రలో ప్రవేశించే క్షణంకోసం జనం కనులు విప్పార్చుకొని ఎదురుచూసేవారు. సత్యభామ కథ తెలియనివారు ఆ సభలో లేరు. అయినా జడ ముందు వచ్చింది. భామ వెనుక వచ్చింది. తెలిసిన కథకైనా ఆసక్తి పుట్టించేది దాచి చూపే నేర్పే.

ట్రైలర్ అన్న ఆంగ్లపదానికి ‘వెనుక వచ్చేది’ అని అర్థం. తొలినాళ్ళలో ఈ ప్రచార దృశ్యాలను అసలు ప్రదర్శన ముగిసిన తరువాత చూపేవారు గనుక ఆ పేరు వచ్చింది. 1913లో న్యూయార్క్‌లో మార్కస్ లోవ్ థియేటర్లలో పనిచేసిన నిల్స్ గ్రాన్‌లండ్ ఒక సంగీతనాటకంకోసం తయారుచేసిన చిన్న ప్రచారచిత్రాన్ని తొలి ట్రైలర్‌గా పేర్కొంటారు. ప్రదర్శన ముగియగానే జనం లేచిపోతూ ఉండడంతో క్రమంగా ట్రైలర్ చిత్రానికి ముందుకు జరిగింది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

కెమెరా పలుకు

మాటలకు ఉన్నట్లే కెమెరాకూ సంబోధన ఉన్నది. తెలుగు చిత్రవ్యాపారంలో ప్రేక్షకులను ఏ, బీ, సీ సెంటర్లుగా విభజించడం చాలకాలంగా ఉన్న పద్ధతి. మాస్, క్లాస్, కుటుంబ ప్రేక్షకులు అన్న విభజన దీనికి తోడు. విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీదారుల కార్యాలయాలు దశాబ్దాలపాటు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా అన్న ప్రాంతాల లెక్కతోనే చిత్రాల జాతకాన్ని అంచనా వేసేవి. ట్రైలర్‌లోని ప్రతి షాట్ వెనుక ఈ లెక్క ఉంటుంది.

అభిమానుల కోసం తీసిన చిత్రం ట్రైలర్‌ను గమనించండి. మొదట నేలమీద నడిచే పాదాలు, తరువాత బిగిసిన పిడికిలి, ఆపై వెనుకనుండి భుజాలు, చివరికి ముఖం. మన కావ్యాలలోని పాదాదికేశాంత వర్ణనకు ఇది తెరరూపం. కెమెరా నేలకు దగ్గరగా ఉండి పైకి చూస్తుంది. కింది కోణం నుండి తీసిన మనిషి ఆకాశమంత ఎత్తు కనిపిస్తాడు. స్లో మోషన్ ఆ నడకను మరింత గంభీరం చేస్తుంది. థియేటర్‌లో ఈలలు పడేందుకు కావలసిన విరామం ఆ మందగతిలోనే సిద్ధమవుతుంది.

కుటుంబకథా చిత్రం ట్రైలర్ మరొక విధంగా పలుకుతుంది. అందులో కెమెరా మనుషుల కళ్ళ ఎత్తున నిలుస్తుంది. ఒకే చట్రంలో తాతయ్య, అమ్మమ్మ, తల్లిదండ్రులు, పిల్లలు ఇముడుతారు. పెళ్ళిపందిరి, పెరటి అరుగు, పండుగపూట వంటిల్లు వెచ్చని వెలుతురులో కనిపిస్తాయి. ఇంటిల్లిపాదీ కలిసి రావచ్చునన్న హామీని ఆ చట్రమే ఇస్తుంది. భయానక చిత్రం ట్రైలర్‌లో చట్రంలోని సగభాగం ఖాళీగా, చీకటిగా ఉంటుంది. ఆ ఖాళీలోకి ఏది వస్తుందో అన్న భీతిని ప్రేక్షకుడు తానే నింపుకొంటాడు. యువతీయువకుల ప్రేమకథలలో కెమెరా చేతిలో పట్టుకొన్నట్లు కొద్దిగా కదులుతూ, పక్కనే కూర్చున్న స్నేహితుని చూపువలె ఉంటుంది.

కూర్పు నేర్పు

కెమెరా పదాలను ఇస్తే ఎడిటర్ వాక్యాలను కూరుస్తాడు. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ సుమారు నూరేళ్ళ క్రితం చేసిన ఒక ప్రయోగం ఈ సత్యాన్ని లోకానికి చాటింది. ఒక నటుని భావరహితమైన ముఖాన్ని తీసుకొని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నెను, ఒకసారి శవపేటికను చేర్చాడు. గిన్నెతో చూసినవారికి ఆ ముఖంలో ఆకలి కనిపించింది. శవపేటికతో చూసినవారికి దుఃఖం కనిపించింది. ముఖం మాత్రం ఒక్కటే. అర్థం షాట్‌లో కంటె రెండు షాట్ల కలయికలో ఎక్కువగా ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది.

దీనిని మన వాతావరణంలోనికి తెచ్చుకొందాం. గడపమీద నిలుచుని దూరంగా చూస్తున్న ఒక తల్లి ముఖం ఉన్నదనుకొందాం. ఆ వెంటనే ఊరు విడిచి వెళ్తున్న బస్సును చూపితే అది ఎడబాటు కథ. పోలీసు జీపును చూపితే నేరకథ. పతకం మెడలో వేసుకొని వస్తున్న కూతురును చూపితే విజయగాథ. తల్లి నటించినది ఒక్కసారే, కథలు మూడు. ట్రైలర్ కూర్పరి ఈ శక్తిని నిరంతరం వినియోగిస్తాడు. చిత్రంలో చివరగా వచ్చే దృశ్యాన్ని ముందుకు తెస్తాడు. ఒక సన్నివేశంలోని సంభాషణను మరొక సన్నివేశంలోని దృశ్యంపై పేరుస్తాడు. కథానాయకుడు ఎవరితోనో అన్న మాట ప్రతినాయకునితో అన్నట్లు వినిపిస్తుంది.

కూర్పులో లయ మరొక ముఖ్యాంశం. చాల ట్రైలర్లు మూడు అంచెలలో నడుస్తాయి. మొదటి అంచెలో షాట్లు నిదానంగా సాగి పాత్రలను, ప్రదేశాన్ని పరిచయం చేస్తాయి. రెండవ అంచెలో చిక్కు ఏర్పడుతుంది. మూడవ అంచెలో షాట్ల నిడివి తగ్గి, ఒక్కొక్కటి సెకనులో కొంతభాగం మాత్రమే నిలిచి, నేపథ్యసంగీతంతోపాటు పరుగెత్తుతాయి. అకస్మాత్తుగా తెర నల్లబడుతుంది, ధ్వని ఆగిపోతుంది, చిత్రం పేరు పడుతుంది. అంతా అయిపోయిందనుకొన్న తరువాత ఒక చిన్న హాస్యమో, ఒక గగుర్పాటో కొసమెరుపుగా వస్తుంది. ఆ నల్లతెర నిశ్శబ్దం వ్యర్థం కాదు. కావ్యంలో చెప్పిన అర్థంకంటె స్ఫురించే అర్థం గొప్పదని ఆనందవర్ధనుడు ధ్వనిసిద్ధాంతంలో ప్రతిపాదించాడు. ట్రైలర్‌లో చూపడం ఎంత ముఖ్యమో దాచడమూ అంతే ముఖ్యం.

1960లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘సైకో’ చిత్రానికి చేసిన ట్రైలర్ ఈ దాచే కళకు ఉదాహరణ. ఆరు నిమిషాలకు పైగా సాగిన ఆ ట్రైలర్‌లో దర్శకుడే స్వయంగా వచ్చి, హత్యలు జరిగిన భవనాన్ని, గదులను ప్రేక్షకులకు తిప్పి చూపుతాడు. చెప్పబోయి ఆగిపోతాడు. కథలోని రహస్యాన్ని మాత్రం ఎక్కడా జారనివ్వడు.

రెండు తెలుగు నిదర్శనాలు

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి’ తెలుగు, తమిళ భాషలలో నిర్మితమై, హిందీ, మలయాళ భాషలలోకి అనువదింపబడింది. ఛాయాగ్రహణం కె.కె. సెంథిల్‌కుమార్‌ది, కూర్పు కోటగిరి వెంకటేశ్వరరావుది. తెలుగు ప్రేక్షకునికి ప్రభాస్, రానా పేర్లే ఆహ్వానపత్రికలు. తమిళునికి సత్యరాజ్, నాజర్ చిరపరిచితులు. హిందీ ప్రేక్షకులలో అధికులకు ప్రభాస్ అప్పటికి కొత్తవాడు. అందుచేత ఆ ట్రైలర్ భారమంతా నటుని ముఖంమీద ఉంచలేదు. ఆకాశాన్ని అంటే జలపాతం, జనసమూహం నడుమ లేచే మహోన్నత విగ్రహం, దిగంతాలవరకు విస్తరించిన యుద్ధభూమి దానిలో ప్రధానమైనాయి. వీటిని లాంగ్ షాట్లలో చూపారు. జలపాతానికి అనువాదం అక్కరలేదు. పేరు తెలియని ప్రేక్షకుని సైతం లోకం గొప్పతనంతో ఆకట్టుకోవడం ఆ ట్రైలర్‌లోని వ్యూహంగా కనిపిస్తుంది. తొలిభాగం చివర మిగిల్చిన “కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?” అన్న ప్రశ్నకు 2017 మార్చి 16న వచ్చిన రెండవభాగం ట్రైలర్ సమాధానం చెప్పలేదు. ఆ ప్రశ్నను మరింత పదును పెట్టి 2017 ఏప్రిల్ 28 వరకు, అనగా చిత్రం విడుదలవరకు, నిలిపింది.

‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రానికి ఎదురైన సమస్య వేరు. అందులో ఇద్దరు కథానాయకులు. ఇద్దరికీ అసంఖ్యాకమైన అభిమానులు. ఒకరి పరిచయం మిన్నగా ఉంటే మరొకరి అభిమానులు నొచ్చుకొంటారు. 2020 మార్చి 27న రామ్‌చరణ్ ధరించిన రామరాజు పాత్రను పరిచయం చేసే దృశ్యమాలిక వచ్చింది. దానికి వ్యాఖ్యానం చెప్పినది ఎన్.టి.ఆర్. అదే సంవత్సరం అక్టోబరు 22న ఎన్.టి.ఆర్. ధరించిన భీమ్ పాత్ర పరిచయం వచ్చింది. దానికి గళమిచ్చినది రామ్‌చరణ్. మొదటిదానిలో నిప్పు, రెండవదానిలో నీరు ప్రతీకలు. ఒకరి గొప్పతనాన్ని మరొకరి నోట పలికించడంతో రెండు వర్గాల అభిమానులూ ఒకే పందిరి కిందికి చేరడానికి వీలు కలిగింది. 2021 డిసెంబరు 9న వచ్చిన ట్రైలర్‌లో నిప్పు, నీరు కలిశాయి. చిత్రం 2022 మార్చి 25న విడుదలైంది.

ఒకరికి ఒక ట్రైలర్

సినిమా బండి ఊరంతటికీ ఒకే కేక వేసేది. ఫోన్ అలా కాదు. ఎవరికి తగిన కేక వారి చెవిలోనే వేయగలదు. 2013లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ అనే ధారావాహికకు పలు రకాల ట్రైలర్లు సిద్ధం చేసింది. ప్రధాననటుడు కెవిన్ స్పేసీ చిత్రాలను ఇష్టంగా చూసేవారికి అతడు ప్రముఖంగా కనిపించే ట్రైలర్ చేరింది. స్త్రీలు ప్రధానపాత్రలుగా ఉన్న చిత్రాలను చూసేవారికి ఆ ధారావాహికలోని స్త్రీపాత్రలు ముందుండే ట్రైలర్ చేరింది. దర్శకుడు డేవిడ్ ఫించర్ శైలిని మెచ్చేవారికి ఇంకొకటి. ఎవరు ఏమి చూస్తున్నారో సంస్థకు తెలుసు గనుక ఇది సాధ్యమైంది. పూర్వం సూత్రధారుడు సభను చూసి మాట్లాడేవాడు. నేడు తెరయే ప్రేక్షకుని చూసి మాట్లాడుతున్నది. ప్రేక్షకుడు తానే ఎంచుకొన్నాననుకొంటున్నది తనకోసం ముందుగా ఎంచిపెట్టినది కావచ్చును. ఆ స్పృహ అతనికి ఉండడం అవసరం.

ఆహ్వానమా? ఒప్పందమా?

ట్రైలర్‌లో చూపినది చిత్రంలో లేకపోతే ఏమి చేయాలి? ఈ ప్రశ్న దేశ అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది. 2016లో విడుదలైన హిందీ చిత్రం ‘ఫ్యాన్’ ప్రచార దృశ్యాలలో ఒక పాట ఉన్నది. అది చూసి, కుటుంబంతో సినిమాకు వెళ్ళిన మహారాష్ట్ర ఉపాధ్యాయురాలు ఒకరు, చిత్రంలో ఆ పాట లేకపోవడంతో వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించారు. జిల్లాస్థాయిలో ఆమె ఫిర్యాదు నిలువలేదు. రాష్ట్ర కమిషన్ ఆమెకు 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు ఇప్పించింది. జాతీయ కమిషన్ దానిని సమర్థించింది. నిర్మాణసంస్థ అప్పీలుపై 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ తీర్పులను తోసిపుచ్చింది. ట్రైలర్ ప్రేక్షకుని టికెట్ కొనడానికి ప్రోత్సహించే ప్రచారం మాత్రమేననీ, అందులోనిదంతా చిత్రంలో ఉంటుందన్న ఒప్పందం దానివల్ల ఏర్పడదనీ నిర్ణయించింది.

ట్రైలర్ ఒక ఆహ్వానం, ఒప్పందం కాదు. ఇది న్యాయస్థానం చెప్పిన మాట సారాంశం. కాబట్టి నిర్మాత మీద ప్రతిసారీ న్యాయస్థానానికి వెళ్ళే అవకాశం ప్రేక్షకునికి లేదు. అతనికి మిగిలిన రక్ష అతని వివేకమే. వారమంతా దాచుకొన్న డబ్బుతో టికెట్ కొనే విద్యార్థికి ఈ వివేకం మరింత అవసరం.

ఆ వివేకం అలవడడం కష్టం కాదు. ట్రైలర్‌ను రెండవసారి ధ్వని లేకుండా చూడాలి. సంగీతం తొలగితే దృశ్యాల అసలు బలం తెలుస్తుంది. మూడవసారి కన్నులు మూసుకొని వినాలి. ఏ మాట ఏ దృశ్యానికి అతికించబడిందో అనుమానం కలుగుతుంది. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎవరిని పిలుస్తున్నది? ఏమి దాస్తున్నది? ఇందులోని మంచి దృశ్యాలన్నీ ఇక్కడే అయిపోయాయా, ఇంకా శేషం ఉన్నదా? ఈ ప్రశ్నలు సినిమాపై ఇష్టాన్ని తగ్గించవు. జడ సొగసు తెలిసినవాడు భామ నాట్యాన్ని మరింత ఆనందిస్తాడు. అయితే జడను చూసి మోసపోడు; నాట్యం చూసిన తరువాతనే మెచ్చుకొంటాడు. పిలుపును విని, పిలిచినవారిని గుర్తించి, వెళ్ళాలో మానాలో తానే నిర్ణయించుకొనే ప్రేక్షకుడే నిజమైన సహృదయుడు.

కఠిన పదాలు – అర్థాలు

ప్రరోచన = రుచి కలిగించడం, ప్రదర్శనకు ముందు ఆసక్తి పుట్టించే ప్రశంస
సామాజికులు = నాటకం చూసే సభ్యులు, ప్రేక్షకులు
దరువు = నృత్యనాటకంలో పాత్ర పాడే, ఆడే గేయం
చట్రం = కెమెరాలో కనిపించే దృశ్యపు హద్దు, ఫ్రేము
కూర్పు = ఎడిటింగ్, దృశ్యాలను వరుసగా అమర్చడం
పాదాదికేశాంతం = పాదాలు మొదలుకొని తలవెంట్రుకల వరకు
మందగతి = నిదానమైన నడక
దిగంతం = దిక్కుల చివర
సహృదయుడు = కళను గ్రహించి ఆనందింపగల రసికుడు

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ట్రైలర్‌లో కెమెరా, కూర్పు ప్రేక్షకవర్గాలను ఆకట్టుకొనే తీరును సోదాహరణంగా వివరించండి.
2. ప్రాచీన ప్రరోచనకు, నేటి ట్రైలర్‌కు గల పోలికలను, భేదాలను తెలపండి.

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కులెషోవ్ ప్రయోగం ఏ సత్యాన్ని తెలుపుతున్నది?
2. ‘బాహుబలి’, ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రాల ప్రచారంలో ఎదురైన సమస్యలు ఏవి? వాటిని ఎలా పరిష్కరించారు?
3. ట్రైలర్ విషయంలో సుప్రీంకోర్టు తీర్పు సారాంశం ఏమిటి?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. జడ ముందు వచ్చింది. భామ వెనుక వచ్చింది.
2. జలపాతానికి అనువాదం అక్కరలేదు.
3. నేడు తెరయే ప్రేక్షకుని చూసి మాట్లాడుతున్నది.

ఈ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పాటల పుస్తకంలోని కథాసంగ్రహం ఏ వాక్యంతో ఆగిపోయేది?
2. ట్రైలర్ అన్న పదానికి అర్థమేమి?
3. ‘సైకో’ ట్రైలర్‌లో ప్రేక్షకులకు భవనాన్ని చూపినవారు ఎవరు?

ఉ. సంధులు : విడదీసి, సంధి పేరు రాయండి.
మహోన్నత, అత్యున్నత, దిగంతం

ఊ. సమాసాలు : విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
తల్లిదండ్రులు, యుద్ధభూమి, రంగప్రవేశం

ఋ. భాషాకృత్యం
మీరు ఇటీవల చూసిన ఒక ట్రైలర్‌ను ధ్వని లేకుండా మరల చూడండి. అందులోని మొదటి పది షాట్లను వరుసగా రాసి, అవి ఏ ప్రేక్షకులను ఉద్దేశించినవో పదిహేను పంక్తులలో విశ్లేషించండి.